పద్దెనిమిది నిమిషాల ఊరు

మా ఊళ్ళో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. పిల్లలకీ, పిల్లల తల్లిదండ్రులకీ, కోపం వచ్చినప్పుడు మా ఆవిడకీ కూడా నేను డ్రిల్లు మాస్టారినే. బళ్ళో వ్యాయామం చెప్పడం నా ఉద్యోగం. మెళ్ళో ఈల, దాని పక్కనే స్టాప్‌వాచీ. ఇరవై రెండేళ్ళుగా ఆ రెండూ లేకుండా గడప దాటలేదు. స్నానానికి వెళ్ళేటప్పుడైనా తీస్తారా అని మా ఆవిడ అడుగుతూ ఉంటుంది. తీస్తాను.

ఒక సంగతి ముందే ఒప్పేసుకుంటాను. నాకు ఓడిపోవడం చేతకాదు. పిల్లల పరుగు పందెంలో పక్క బడి గెలిచినా రెండు రోజులు నాకు అన్నం సహించదు. మా ఆవిడ దీన్ని జబ్బు అంటుంది. నేను క్రమశిక్షణ అనేవాణ్ణి. ఇప్పుడు అనడం మానేశాను.

మాది సముద్రం ఒడ్డు. జెట్టీని ఆనుకుని నాలుగు వీధులు, నాలుగూ పల్లంలోనే. వెనక చిన్న గుట్ట, గుట్ట మీద మా బడి. కింది నుంచి పైకి నూట పన్నెండు మెట్లు. ఇద్దరు పక్కపక్కన ఎక్కితే మూడో మనిషికి చోటుండదు. సముద్రం నుంచి పెద్ద అల ఏదైనా వస్తే మాకు బడి తప్ప ఇంకో దిక్కు లేదు. అందుకని విపత్తుల ఆఫీసు వాళ్ళు మూడు నెలలకోసారి సైరను మోగించి, ఊరు ఎంతసేపట్లో ఖాళీ అవుతుందో చూడాలన్నారు. దాన్ని వాళ్ళు డ్రిల్లు అన్నారు. ఆ మాట వినగానే మీటింగులో అందరూ నా వైపు తిరిగారు. ఇంకేం, ఆ బాధ్యత నా నెత్తిన పడింది. నిజం చెప్పాలంటే పడలేదు, నేనే ఎగిరి అందుకున్నాను.

పద్ధతి తేలికే. సైరను మోగగానే జనం ఇళ్ళు వదిలి మెట్లెక్కాలి. ఐసు ఫ్యాక్టరీ మేస్త్రి వెనక నుంచి వీధులన్నీ తిరిగి, మనుషులు వెళ్ళిపోయిన ఇంటి తలుపు మీద సుద్దముక్కతో టిక్కు పెట్టాలి. టిక్కు ఉందంటే లోపల ఎవరూ లేరని లెక్క. ఆఖరి మనిషి బడి గేటు దాటాక నేను వాచీ నొక్కాలి. డ్రిల్లు అయ్యాక ఎవరి తలుపు మీద టిక్కు వాళ్ళు తడిగుడ్డతో తుడిచేసుకోవాలి. ఇది నేను రాసిన నియమమే.

మొదటి డ్రిల్లుకి నలభై ఏడు నిమిషాలు పట్టింది. మా అత్త వల్ల.

అత్త అంటే మా నాన్నకి అక్క. నాకు అయిదేళ్ళప్పుడు మా అమ్మ పోతే, నన్ను చంకనేసుకుని పెంచింది. మొదటి వీధిలో, జెట్టీకి ఎదురుగా రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉండేది. అరుగు మీద కూర్చుని వలలు బాగు చేసేది. మొదటి డ్రిల్లుకి రెండేళ్ళ ముందు తడి జెట్టీ మీద జారి తుంటి ఎముక విరిగింది. లోపల కడ్డీ వేశారు. అప్పటి నుంచి చేతికర్ర లేనిదే అడుగు పడదు. మా ఇంటికి వచ్చేయమంటే, "మీ ఇంట్లో ఆ ఈల మోత నేను భరించలేనురా" అనేది.

కాళ్ళు పోయినా ఆవిడ చెవులు మాత్రం చెవులే. పొగమంచులో పడవ కనపడక ముందే, మోటారు చప్పుడు విని ఎవరి పడవో చెప్పేది. నేను వీధి మొదట్లో ఉండగానే, "రారా, మళ్ళీ ఏం గెలిచావు?" అని లోపల్నుంచి కేకేసేది. నా చెప్పుల చప్పుడులో గెలుపు వినపడుతుందట.

మొదటి డ్రిల్లులో ఆవిడే అందరికంటే ముందు బయల్దేరింది. అదే చిక్కయింది. పది మెట్లెక్కి ఆగేది. వెనక్కి తిరిగి, ఎవరో ఒకరిని పలకరించేది. "ఏమ్మా, నీ మొగుడు రాలేదా? వాణ్ణి సముద్రానికిచ్చేస్తావా?" అనేది. జనం నవ్వేవాళ్ళు. ఆవిడ చంకలో చేయి వేసి ఒకరు, వెనక వీపు పట్టుకుని ఒకరు. మెట్లు ఇరుకు కదా, ఊరంతా ఆవిడ వెనకే. ఎవరూ విసుక్కోలేదు. విసుక్కున్నది నేనొక్కడినే, పైన గేటు దగ్గర వాచీ పట్టుకుని.

విపత్తుల ఆఫీసరు గారు, ముప్పై అయిదేళ్ళ అమ్మాయి, నా పక్కనే కాగితాల అట్ట పట్టుకుని నిలబడింది. "మీ అత్తగారా మాస్టారూ? చాలా చలాకీ మనిషి" అని నవ్వింది. ఆవిడ మంచిగానే అంది. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. అదే వారం కాలవ అవతలి ఊరివాళ్ళు ఇరవై అయిదు నిమిషాల్లో ఖాళీ చేసి, అందరికంటే త్వరగా ఖాళీ అయిన ఊరికి ఏటా ఇచ్చే షీల్డు పట్టుకుపోయారని తెలిసింది. ఆ ఊరి డ్రిల్లు మాస్టారు నాకు ఫోన్ చేసి మరీ చెప్పాడు.

రెండో డ్రిల్లు ముందు రోజు నేనూ మేస్త్రీ కాలికి బలపం కట్టుకుని ఇల్లిల్లూ తిరిగాం. సైరను పదింటికి. తొమ్మిదిన్నరకల్లా అందరూ చెప్పులేసుకుని, పొయ్యిలు ఆపి, తాళాలు చేతిలో పట్టుకుని గుమ్మాల్లో నిలబడాలని చెప్పాం. పసిపిల్లల తల్లులు ముందే మెట్ల దగ్గర చేరిపోవచ్చన్నాం. అందరికీ సరదాగానే అనిపించింది. అవతలి ఊరంటే మా ఊళ్ళో అందరికీ కొంచెం కడుపుమంట ఉంది.

చివర్లో ఒక్కణ్ణే అత్త ఇంటికి వెళ్ళాను. ఆవిడ వల ఒళ్ళో వేసుకుని సూదితో కన్నాలు కుడుతోంది.

"అత్తా, రేపు నువ్వు రావద్దులే. కాలు నొప్పి కదా" అన్నాను.

తలెత్తలేదు. "కాలి కోసమా, నీ గడియారం కోసమా?"

ఆవిడ నవ్వింది. "సరేలేరా. ఎక్కినప్పుడల్లా రెండు రోజులు తుంటి పోటు. పోనీ, ఇంట్లోనే ఉంటా. నన్ను చూసి ఆ ఆఫీసరమ్మ అడిగితే?"

"తలుపులేసుకుని కూర్చో. కిటికీ కూడా వేసుకో. బయట నేనే టిక్కు పెట్టేసి పోతాను."

"బాగుందిరా. బతికుండగానే నన్ను లేనిదాన్ని చేశావు" అంది. ఆ మాట కూడా నవ్వుతూనే అంది కాబట్టి నేనూ నవ్వాను. తర్వాత దారం పళ్ళతో కొరికి, ఈసారి నా మొహంలోకి చూసి అడిగింది. "మరి నిజంగా వస్తేరా?"

"నిజంగా వస్తే నేనొస్తాను అత్తా. నిన్ను నేనే భుజానేసుకుని ఎక్కుతాను. ఇంకెవరి చేతికీ ఇవ్వను."

"అయితే సరే. నువ్వొస్తే నిజం. రాకపోతే డ్రిల్లు. అంతే కదా?"

"అంతే" అన్నాను.

పద్దెనిమిది నిమిషాలు పట్టింది. షీల్డు మాకొచ్చింది. అలా వరసగా మూడేళ్ళు మాకే వచ్చింది. పేపర్లో వేశారు. పద్దెనిమిది నిమిషాల ఊరు అని మాకో పేరు పడింది. మా స్టాఫ్ రూమ్ అద్దాల బీరువాలో మూడు షీల్డులు పక్కపక్కన పెట్టాను. మా ఆవిడ ఒక్కతే మొదటి నుంచీ ఏడిపిస్తూ వచ్చింది. "ఆవిణ్ణి తలుపులేసి కూర్చోబెట్టి గెలిచారు, అదో గెలుపా?" అనేది. నీకు ఆటలు తెలియవు, ఊరుకోమనేవాణ్ణి. డ్రిల్లు అయిన మధ్యాహ్నం అత్తకి క్యారియర్ పట్టుకెళ్ళేది మాత్రం తనే. నేను వెళ్ళేవాణ్ణి కాదు. గెలిచిన రోజున ఆ తలుపు కొట్టాలంటే నాకెందుకో కాళ్ళు రావు.

పోయిన డ్రిల్లు రోజున టిక్కు ఎత్తుగా పెట్టాను, నా ఎత్తుకి అందేలా. తలుపు నీలం రంగు, తెల్లగా బాగా కనపడింది. అత్తకి అది అందదు. "నేనొచ్చి తుడుస్తాలే" అన్నాను. వారం అయింది, నెల అయింది. చూరు కింద వాన పడదు, ఎండ పడదు. అలాగే ఉండిపోయింది.

ఆ రోజు బుధవారం. తొమ్మిదో తరగతి పిల్లల్ని మైదానంలో పరిగెత్తిస్తుంటే పది గంటల నలభైకి ఫోన్ వచ్చింది. ఆఫీసరు గారు. గొంతులో తొందర ఉన్నా మాట తడబడలేదు.

"మాస్టారూ, సముద్రంలో చాలా దూరంగా భూకంపం వచ్చింది. అల పుట్టిందో లేదో ఇంకా తేలలేదు. పుడితే మనకి పన్నెండు ప్రాంతంలో తగులుతుంది. పదకొండున్నరకి ఖాయంగా తెలుస్తుంది. అవతలి ఊరిని ఇప్పుడే కదిలిస్తున్నాను. వాళ్ళకి టైం పడుతుంది, మెల్లగా నడిచేవాళ్ళు ఎక్కువ. మీకు పద్దెనిమిది నిమిషాలే కాబట్టి పదకొండున్నర దాకా ఆగుదామా అనుకుంటున్నాను. మెట్లు ఇరుకు కదా, ఊరికే కంగారు పెడితే తొక్కిసలాట అవుతుందని భయం. మీరేమంటారు?"

స్టాఫ్ రూమ్‌లో నిలబడి మాట్లాడుతున్నాను. ఎదురుగా అద్దాల బీరువా.

నేను బీరువా వైపు చూస్తుంటే ఆవిడే మళ్ళీ అంది. "చాలదంటే చెప్పండి మాస్టారూ. మీవాళ్ళనీ ఇప్పుడే కదిలిస్తాను. అందులో ఏముంది?"

అందులో ఏముందో ఆవిడకి తెలియదు. నాకు తెలుసు. చాలదు అంటే, ఎందుకు చాలదు అని అడుగుతుంది. మరి పద్దెనిమిది ఎలా వచ్చింది అని అడుగుతుంది. చెప్పులేసుకుని నిలబడ్డ సంగతి, తలుపులేసుకున్న అత్త సంగతి, అన్నీ ఒకదాని వెనక ఒకటి బయటికి వస్తాయి. పేపర్లో వేసినవాళ్ళే మళ్ళీ వేస్తారు. అవతలి ఊరి మాస్టారు నాకు ఫోన్ చేస్తాడు. నాలుగు వందల మంది ప్రాణాలు ఒక పక్కనుంటే, నేను ఆ క్షణంలో ఆలోచించింది ఆ ఫోన్ గురించి. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తున్నాను.

"చాలు మేడం" అన్నాను.

తర్వాత యాభై నిమిషాలు నేనేం చేశానంటే ఏమీ చేయలేదు. కిందికి వెళ్ళి అత్తని తెచ్చేద్దామనుకున్నాను. పట్టపగలు ఆవిణ్ణి ఎత్తుకుని మెట్లెక్కితే ఊరంతా ఏమిటేమిటంటూ మూగుతుంది, అల రాకపోతే తన మనిషిని మాత్రం దాచుకున్నాడు అంటారు అనుకున్నాను. ఆఫీసరుకి తిరిగి ఫోన్ చేద్దామని రెండుసార్లు నంబరు నొక్కి కట్ చేశాను. సైరను మోగగానే ముందు అత్త దగ్గరికే పరిగెడదాం అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అల రాదులే అని కూడా అనుకున్నాను. అన్నీ సాకులే.

పదకొండున్నరకి సైరను మోగింది. అలవాటు కొద్దీ వాచీ నొక్కాను.

డ్రిల్లుకీ నిజానికీ తేడా ఏమిటో అప్పుడు తెలిసింది. ఆ రోజు ఎవరి కాళ్ళకీ చెప్పులు లేవు. ఒకామె తల మీద నీళ్ళు పోసుకుంటూ ఉంది, ఒకాయన నిద్రపోతున్నాడు, ఒకింట్లో పొయ్యి మీద పాలు. జనం వట్టి చేతులతో రాలేదు. టీవీ ఒకడు, కుట్టుమిషను ఇద్దరు, మేకని లాక్కుంటూ ఒకావిడ. ఇరుకు మెట్ల మీద కుట్టుమిషను అడ్డంగా ఇరుక్కుని కదలనంటే, వెనక రెండు వీధుల జనం ఆగిపోయారు. నేను పై మెట్టు మీద నిలబడి ఈల ఊదుతూ, అరుస్తూ, చేతులు పట్టి లాగుతూ ఉన్నాను. ఒక ముసలాయన జారి పడితే ఎత్తుకొచ్చి గేటు లోపల దించాను. పసిపిల్లల్ని ఒకరి చేతిలోంచి ఒకరికి అందించాం. మా ఆవిడ ఆ రోజు బస్సెక్కి పుట్టింటికి వెళ్ళింది, లేకపోతే అత్త ఏదని మొదట అడిగేది తనే. తను లేదు. నేను అత్తని మరిచిపోయాను.

మరిచిపోయాను. ఇంకో మాటలో చెప్పడానికి ఎంత వెతికినా దొరకలేదు.

చివరికి మేస్త్రి పైకి వచ్చాడు. చొక్కా మొత్తం తడిసిపోయింది, చేతిలో సుద్దముక్క అరిగి గోరంత మిగిలింది. "అయిపోయింది మాస్టారూ. నాలుగు వీధులూ చూశాను. అన్ని తలుపుల మీదా టిక్కు ఉంది."

వాచీ చూశాను. ముప్పై అయిదు నిమిషాలు. అప్పుడు గుర్తొచ్చింది.

"మా అత్త?"

"ఆవిడ తలుపు మీద నేను వెళ్ళేసరికే టిక్కు ఉంది మాస్టారూ. ఎవరో ముందే తీసుకెళ్ళారని..." అంటూ నా మొహం చూసి ఆగిపోయాడు. మేస్త్రి తెలివి తక్కువవాడు కాదు. ఆ టిక్కు ఎవరిదో, ఎప్పటిదో అతనికి కూడా అప్పుడే వెలిగింది.

నేను మెట్లు దిగడం నాకు గుర్తు లేదు. కింద వీధిలో ఎవరూ లేరు. ఒక రేడియో మాత్రం మోగుతోంది. జెట్టీ దగ్గర నీళ్ళు లేవు. సముద్రం వెనక్కి వెళ్ళిపోయింది. ఎప్పుడూ ఊగుతూ ఉండే పడవలు బురదలో ఒక పక్కకి ఒరిగి కూర్చున్నాయి. అంత దూరం దాకా నల్లటి నేల కనపడుతోంది.

నీలం తలుపు వేసే ఉంది. పైన నా టిక్కు. తలుపు తోశాను.

అత్త కుర్చీలో కూర్చుని ఉంది. కిటికీ మూసే ఉంది. ఒళ్ళో సంచీ. కాళ్ళకి చెప్పులు. జుట్టు కూడా దువ్వుకుంది. రేడియో చప్పుడు ఆ ఇంట్లోంచే వస్తోంది, బాగా తగ్గించి పెట్టుకుంది. నన్ను చూసి మొహం విప్పారింది, వెంటనే వాడిపోయింది.

"ఓరి నీ... నిజమేనా? బయట జనం అరుపులు విని నిజమేమో అనుకున్నాను. సంచీ సర్దుకున్నాను. లేచి తలుపు దాకా వచ్చాను కూడా. ఇంతసేపూ నువ్వు రాలేదు కదా. నువ్వు రాలేదంటే డ్రిల్లే, బయటికెళ్ళి వీడి టైం పాడుచేయడమెందుకని మళ్ళీ కూర్చున్నాను."

వంగి ఆవిణ్ణి వీపు మీద ఎక్కించుకున్నాను. చిన్నప్పుడు నన్ను మోసిన మనిషి, ఇప్పుడు చూస్తే బరువే లేదు. "కర్రరా, కర్ర" అంటోంది. కర్ర అక్కడే వదిలేశాను.

వీధి సగం దాటేసరికి వెనక నుంచి చప్పుడు మొదలైంది. లారీలు వరసగా వస్తున్నట్టు. అత్త నా చెవి దగ్గర, "మెట్ల దాకా పోలేవురా. దగ్గరలో ఏదుంటే అది" అంది. ఆ చెవులు దూరాన్ని కొలిచేశాయి. అప్పుడే ఐసు ఫ్యాక్టరీ పక్కనున్న ఇనప నిచ్చెన మెట్ల మీద నుంచి మేస్త్రి కేక వేశాడు. నా వెనకే దిగి వచ్చాడు, నేను చూసుకోలేదు. నేను కింది నుంచి, అతను పై నుంచి, ఇద్దరం కలిసి ఆవిణ్ణి లాక్కుంటూ ఎక్కుతుండగా నీళ్ళు వచ్చాయి. నా నడుము దాకా వచ్చాయి. ఏదో చెక్క కొట్టుకుని మేస్త్రి మోకాలు చీలింది. అయినా అత్త చెయ్యి వదల్లేదు. ఆ చెయ్యి నా చెయ్యి కాదు. ఇంకెవరి చేతికీ ఇవ్వను అన్న మాట అక్కడే గంగలో కలిసింది.

ఫ్యాక్టరీ డాబా మీద నుంచి చూశాం. మొదటి వీధి ఇళ్ళు తలుపులతో సహా పోయాయి. నీళ్ళు మూడుసార్లు వచ్చి మూడుసార్లు వెళ్ళాయి. మధ్యలో ఒకసారి అత్త, "నా వల సగం కుట్టి పెట్టాను" అంది. నన్ను ఒక్క మాట తిట్టినా బాగుండేది.

సాయంత్రం అయిదింటికి మమ్మల్ని పైకి తీసుకొచ్చారు. బడి హాల్లో ఊరంతా ఉంది. తల లెక్క సరిపోయింది. నాలుగు వందల పద్నాలుగు మంది, ఒక్కరూ తగ్గలేదు. ఏడుపులు, నవ్వులు కలిసిపోయాయి. అత్తని ఒక బెంచీ మీద కూర్చోబెట్టి ఎవరో దుప్పటి కప్పారు.

ఆఫీసరు గారు జీపు దిగి బురద కాళ్ళతోనే హాల్లోకి వచ్చింది. నా రెండు చేతులూ పట్టుకుంది. కళ్ళలో నీళ్ళున్నాయి. "మాస్టారూ, మీ డ్రిల్లులే కాపాడాయి. అలకి పావుగంట ఆలస్యమైంది, మీరు దానికంటే ముందున్నారు. ఇంత పెద్ద నష్టంలో ఒక్క ప్రాణం పోలేదు. ఇది నేను పైకి రాస్తాను. అన్ని ఊళ్ళకీ మీ ఊరిని చూపిస్తాను" అంది. జనం చప్పట్లు కొట్టారు. మెల్లగా కొట్టారు. తొమ్మిదిన్నరకే చెప్పులేసుకుని నిలబడ్డవాళ్ళే కదా అందరూ. కొందరు నేల చూపులు చూస్తున్నారు. మేస్త్రి కట్టు కట్టిన మోకాలి వైపు చూసుకుంటున్నాడు.

ఆవిడ అట్ట తీసి రాసుకోవడం మొదలుపెట్టింది. ఇంతలో అత్తని చూసి దగ్గరికి వెళ్ళి వంగింది. "అమ్మా, మీరొక్కరే కింద ఉండిపోయారట. ఏం జరిగింది? మీకెవరూ చెప్పలేదా? మేం ఎక్కడ పొరపాటు చేశామో తెలియాలి, అందుకని అడుగుతున్నాను."

అత్త ఆవిడ వంక చూసింది. తర్వాత ఆవిడ భుజం మీదుగా నా వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు. బళ్ళో తప్పు చేసి ఇంటికొచ్చిన రోజుల్లో, మా నాన్న బెల్టు తీసేలోపు నన్ను తన వెనక్కి లాక్కునేటప్పుడు అలాగే చూసేది.

చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏమిటమ్మా? గట్టిగా చెప్పు" అంది.

ఆఫీసరు గట్టిగా మళ్ళీ అడిగింది.

"అదా. నాకు చెవులు వినపడవమ్మా. సైరను వినపడలేదు. ఎవరి తప్పూ లేదు. మా వాడు పాపం ప్రాణానికి తెగించి వచ్చాడు."

పొగమంచులో పడవ మోటారు వినే మనిషని అక్కడ ఉన్న ప్రతివాళ్ళకీ తెలుసు. ఒక్కరూ నోరెత్తలేదు. ఆఫీసరు మాత్రం తలూపి, "వినికిడి లోపం" అని అట్ట మీద రాసుకుంటోంది. డెబ్భై ఏళ్ళ మనిషికి నేను ఆ జబ్బు కూడా అంటగట్టాను. మళ్ళీ ఇంకోసారి ఆవిణ్ణి తలుపులేసి కూర్చోబెడుతున్నాను, ఈసారి ఊరంతా చూస్తుండగా.

"మేడం" అన్నాను. ఆవిడ రాస్తూనే ఉంది. మళ్ళీ అన్నాను. "మేడం, అది కొట్టేయండి. మా అత్త చెవులు బాగానే ఉన్నాయి."

"ఒరేయ్, నువ్వు ఊరుకో" అంది అత్త. చెవి దగ్గర చెయ్యి తీయడం కూడా మరిచిపోయింది.

"నన్ను వాడి వీపు మీద..." అని ఆఫీసరుతో ఇంకేదో అనబోతుంటే, నేను ఆగకుండా చెప్పేశాను. ఆగితే మళ్ళీ చెప్పలేనని నాకు తెలుసు. మొదటి డ్రిల్లే నిజమని చెప్పాను. నలభై ఏడు నిమిషాలు. ఆ తర్వాతవన్నీ చెప్పులేసుకుని నిలబడ్డవని చెప్పాను. తలుపు మీద టిక్కు నాదే అని, మూడు నెలల కిందటిదని చెప్పాను. పొద్దున ఫోన్‌లో చాలదని తెలిసే చాలు అన్నానని చెప్పాను. అల పావుగంట ఆలస్యంగా రావడం నా గొప్ప కాదని కూడా చెప్పాను.

ఆఫీసరు కలం ఆగిపోయింది. ఆవిడ అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"పొద్దున నేను అడిగాను కదా మాస్టారూ. చాలదంటే చెప్పమని కూడా అన్నాను. ఎందుకు చెప్పలేదు?"

"సిగ్గేసింది మేడం" అన్నాను.

ఆ మాట నాకే ఎంత చిన్నగా వినపడిందో. నాలుగు వందల పద్నాలుగు మంది ముందు అంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండేది. లేదు.

మెళ్ళో వాచీ తీసి ఆవిడ అట్ట మీద పెట్టాను. పొద్దున పదకొండున్నరకి నొక్కింది ఇంకా నడుస్తూనే ఉంది. ఆఖరి మనిషి గేటు దాటినప్పుడు ఆపడం నేను మరిచిపోయాను. ఆవిడ దాన్ని చూసి ఆపింది.

అత్త దుప్పటి సర్దుకుని బెంచీ మీద కొంచెం పక్కకి జరిగింది. నేను కూర్చోవడానికి చోటిచ్చింది. చిన్నప్పుడు కూడా అంతే, అన్నీ అయ్యాక పక్కన చోటిచ్చేది. నేను అక్కడే నిలబడి ఉండిపోయాను.